ప్లేట్ల పాట

మొన్న ఒక శుక్రవారం పొద్దున, కరీంనగర్‌లోని నా గదిలో, ఇంకా మంచం దిగకముందే ఒక కొత్త బ్లూస్ ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా విన్నాను. చాలా ఏళ్లు మౌనంగా ఉండిపోయిన ఒకామె చేసిన ఆల్బమ్ అది. ఆమెకు అట్ట మీద వేరే పేరుంది గానీ మా అక్క ఇంట్లో ఆమెను ‘సీసామె’ అంటారు, ఎందుకో తర్వాత చెబుతాను. గొంతు ఇదివరకటి కంటే కిందికి దిగింది, గిటారులో పదును తగ్గింది, డ్రమ్ములు దాదాపు లేనట్టే, కానీ తీగ మీద గాజు జారేటప్పుడు వచ్చే సన్నని గరగర మాత్రం ఎప్పటిలాగే ఉంది. మూడో పాట వచ్చేసరికి లేచి కూర్చున్నాను. అలవాటు ప్రకారం అక్కకు పంపడానికి ఒక సందేశం తయారుచేశాను. ఎవరెవరు వాయించారు, ఎలాంటి గదిలో రికార్డు చేశారు, ముందుగా ఏ పాట వినాలి, ఏది వదిలేసినా నష్టం లేదు, చెవిలో పెట్టుకుని వినాలా స్పీకరులో వినాలా అన్నీ రాసి, అచ్చుతప్పులు దిద్ది, పంపాను. మెట్‌పల్లి నుంచి జవాబు వెంటనే వచ్చింది.

"గిది లేవంగనే ఇన్న తమ్మీ. ఫోనే సూపెట్టింది."

ఆ జవాబును నేను మళ్లీ చదివాను. ఫోన్ చూపెట్టిందట. నా కంటే ముందు, నేను పంపిన వివరాల్లో ఒక్కటీ లేకుండా, ఎక్కడో ఉన్న ఒక యంత్రం మా అక్కకు సీసామె కొత్త పాటను చేతికి అందించింది. నాకు ఆ ఫోన్ మీద అసూయ కలిగింది. ఈ మాట రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది, కానీ నా వయసు వాళ్లకు ఇది అర్థమవుతుందనుకుంటాను. ముప్పై దాటి నలభైకి చేరని మనం పాటలను చేతుల్లో మోసిన ఆఖరి జట్టు కదా. గోరంత మెమరీ కార్డును జేబురుమాలు మడతలో పెట్టుకుని బస్సులు ఎక్కినవాళ్లం, మొబైల్ దుకాణం ముందు నిలబడి పాటలు ఎక్కించుకున్నవాళ్లం. అప్పట్లో ఒక పాట ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోవాలంటే మధ్యలో ఒక మనిషి తప్పకుండా ఉండేవాడు. మా అక్క ఇంటికి ఆ మనిషిని నేనే. ఒకసారి ఆ చోటు నా చేతిలోంచి జారిపోయింది, అప్పుడు జారింది ఫోన్ చేతిలోకి కాదు, మా బావ చేతిలోకి.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక నాకు దొరికిన మొదటి కొలువు కరీంనగర్‌లో ఒక సౌండ్ దుకాణంలో. ముందు గదిలో మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించేవాళ్లం, వెనక గదిలో ఆంప్లిఫయర్లు బాగుచేసేవాళ్లం. నేను వెనక గది మనిషిని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లు మోసుకొచ్చిన పెద్ద పెద్ద మ్యూజిక్ సిస్టమ్‌లు, ఇక్కడి కరెంటు దెబ్బకు నోరు మూసుకుని, మా బల్ల మీదికి వచ్చేవి. అలా వచ్చినదాంట్లో ఒకసారి ఒక సీడీ ఇరుక్కుని ఉంది. పని అయ్యాక పరీక్షకు అదే తిప్పాను. అప్పటి దాకా నాకు గిటారంటే సినిమాలో హీరో భుజానికి వేలాడే వస్తువు. ఆ సీడీలో ఎవరో తీగను మీటి, మీటినచోట ఆగకుండా వేలితో పక్కకు లాగితే స్వరం మెల్లగా పైకి పాకి, చేరవలసిన చోటికి కొంచెం ఇవతలే ఆగిపోయింది. ఆ కొంచెం దగ్గర నేను కూడా ఆగిపోయాను. సిస్టమ్ యజమాని వచ్చి అడిగే దాకా అది బాగైన సంగతి ఎవరికీ చెప్పలేదు.

తర్వాత దుకాణంలోని ఇంటర్నెట్ పుణ్యమా అని ఆ సంగీతం పేరు బ్లూస్ అనీ, అమెరికా దక్షిణాది పత్తిచేలలో చాకిరీ చేసిన నల్లజాతి జనం నుంచి పుట్టిందనీ తెలిసింది. అందరూ పాత ఉద్దండుల గురించే రాస్తారు, వాళ్లను వినమనే చెబుతారు. నాకు మాత్రం ఆ యేడు వచ్చినవి, ఆ నెల వచ్చినవి కావాలి. పాతవాళ్లను ఎవరైనా సిఫారసు చేయగలరు, కొత్తవాళ్లను చెప్పాలంటే ముందు మనం వెతకాలి, వినాలి, పదింట్లో తొమ్మిదిని పక్కన పెట్టాలి. ఆ పక్కన పెట్టే పనిలో ఒక గర్వం ఉంది, దాన్ని నేను పూర్తిగా అనుభవించాను. కానీ సిఫారసుకు వినేవాళ్లు కూడా కావాలి కదా. దుకాణంలో అందరికీ డీజే పాటలే కావాలి. నాకు మిగిలింది అక్క.

అక్క అత్తగారిల్లు మెట్‌పల్లి. బావ దుబాయ్‌లో. ఆదివారం పొద్దుటి బస్సుకు నేను బయలుదేరి చేరేసరికి ఆ ఇంటి ముందు గదిలో బీడీల పని మొదలవుతూ ఉండేది. అక్క, అక్క అత్తగారు, పక్కింటి చిన్నమ్మ, ఇంకా ఆ వాడకట్టు ఆడవాళ్లు ఒకరిద్దరు గోడలకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవారు. చాటలో తడిపి కత్తిరించిన తునికాకు, ఒక పక్క తంబాకు, ఒక పక్క దారపు ఉండ. ఆకును వేళ్ల మధ్య చుట్టి, మూతి మలిచి, దారం వేసి పక్కన పెట్టే ఆ పని చూస్తుండగానే అయిపోయేది. కళ్లు ఎటు తిరిగినా వేళ్లు పని మానవు, అందుకే చెవులకు ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. మెమరీ కార్డు పెట్టే ఎర్ర స్పీకరు డబ్బా ఒకటి కిటికీలో ఉండేది. ఆ గదికి ఒక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం తర్వాత ఎవరికి నచ్చింది వాళ్లు పెట్టించుకోవచ్చు, రాజన్న భజనలైనా, సినిమా పాటలైనా, బతుకమ్మ పాటలైనా సరే. అందరూ చాటలు ఒళ్లో పెట్టుకుని కుదురుకున్నాక పెట్టే మొదటి పాటను మాత్రం ఇల్లు ఎవరిదైతే వాళ్లే పెట్టాలి. ఇల్లు అక్కది. అక్క నా కార్డు పెట్టేది. కాబట్టి ఆదివారం మొదటి పాట నాది.

మొదటిసారి నేను తీసుకుపోయింది ఒక ముసలాయన ఆల్బమ్. బతుకంతా లారీ నడిపి, కొలువు నుంచి దిగిపోయాక, తన వంటగదిలో ఒకే ఒక మైకు పెట్టుకుని చేసిన మొట్టమొదటి ఆల్బమ్ అది. నేను నిలబడి ఆయన ఊరు, ఆయన గిటారు రకం, వాల్వు ఆంప్లిఫయర్‌కు మామూలు ఆంప్లిఫయర్‌కు తేడా, ఒకే మైకు వాడటంలో ఉన్న కష్టం వరుసగా చెప్పుకొస్తుంటే చిన్నమ్మ ఇక ఆపుకోలేకపోయింది.

"ఓ ఇంజినీరూ, పిల్లనియ్యవోయినమా గాయనకు? గోత్రం మొత్తం సదువుతున్నవు. జర పాట పెట్టు బిడ్డా!"

గది అంతా నవ్వింది. అక్క కూడా నవ్వి మీట నొక్కింది. వంటగదిలో ముసలాయన గొంతు సవరించుకున్నాడు, కుర్చీ కిర్రుమంది, పాట మొదలైంది. భాష ఒక్కరికీ తెలియదు. అయినా మార్చమని ఒక్కరూ అడగలేదు. రెండో పాట అయ్యాక చిన్నమ్మ, ఇవి పత్తి ఏరినవాళ్ల పాటలని నేనన్న మాట గుర్తుచేసుకుని, గా దేశంల గూడ పత్తి ఏరుతరా అని అడిగింది. ఆమె పెళ్లికి ముందు ఆదిలాబాద్ వైపు చేలలో పత్తి ఏరిన మనిషి. అక్క మాత్రం దారం పళ్లతో తెంపుతూ ఒక మాటంది.

"ఏడ్సినట్టు లేదు తమ్మీ. ఏడ్సుడు అయిపోయినంక మొఖం కడుక్కొని ముచ్చట చెప్తున్నట్టున్నది."

బ్లూస్ గురించి నేను తర్వాత చదివినవాటిలో ఇంతకంటే సరైన మాట ఇంకా దొరకలేదు. నేను చెప్పాల్సింది కదా అది అని అప్పుడే చిన్నగా గుచ్చుకున్నది కూడా.

ఆ గదిలో ఎవరూ నేను చెప్పిన పేర్లు వాడలేదు. ఆ ముసలాయన ‘లారీ తాత’ అయ్యాడు. వేలికి సీసా మెడను తొడుక్కుని దాన్ని గిటారు తీగల మీద జార్చే ఆమె ‘సీసామె’ అయింది. ఆమె రెండో ఆల్బమ్‌లో ప్రతి పాటా ఎవరినో గడప దగ్గర నిలబెట్టి నిలదీస్తున్నట్టుంటుంది, కాబట్టి ఆడవాళ్లకు ఆమె అంటే ప్రాణం. అన్నాచెల్లెళ్లిద్దరు, అన్న డ్రమ్ములు, చెల్లె హార్మోనికా, కలిసి చేసిన ఒక ఆల్బమ్ ఉంది. ఆ అమ్మాయి ఊదితే స్టేషన్ వదిలిన రైలు దూరమవుతున్నట్టే ఉంటుంది. వాళ్లు ‘రైలు పిల్లలు’. అసలు పేర్లు పలకమని నేను మొదట్లో చాలా పట్టుబట్టాను. సరిదిద్దీ సరిదిద్దీ అలిసిపోయాను. ఇప్పుడు నా ఫోన్‌లో ఆ ఆల్బమ్‌లు దాచుకున్నది కూడా ఈ పేర్లతోనే. మీరు బ్లూస్‌కు కొత్తయితే ఈ మూడూ ఈ వరుసలోనే వినండి: ముందు లారీ తాత, ఎందుకంటే అందులో దాక్కోవడానికి ఏ వాయిద్యమూ లేదు, తర్వాత రైలు పిల్లలు, సీసామెను ఆఖరుకు ఉంచుకోండి.

ఇలా ఒక యేడాది పైగా సాగింది. వారమంతా వెనక గదిలో వెతకడం, ఆదివారం మోసుకుపోవడం, అక్క ముఖం చూడటం. నచ్చితే అక్క బీడీ చుట్టే వేగం కొంచెం తగ్గేది, నాకు అదే పెద్ద మార్కు. సరిగ్గా అప్పుడే బావకు పని మారింది. అప్పటి దాకా ఇళ్లు కట్టే చోట చేసినవాడిని ఒక పెద్ద హోటల్లో విందుల హాలుకు మార్చారు. కుర్చీలు వేయడం, తీయడం, వేదిక మీదికి స్పీకర్లు మోయడం. ఆ హాలులో వారం వారం ఎక్కడెక్కడి వాద్యబృందాలో వచ్చి వాయించేవట. బావ ప్రతి శుక్రవారం చేసే ఫోన్‌లో అక్క, తమ్ముడు తెచ్చే పాటల ముచ్చట చెప్పింది కాబోలు. బావకు తోవ దొరికింది.

ఒక శనివారం అక్క ఫోన్ చేసి ఖానాపూర్ పోయి రమ్మంది. బావతో పనిచేసే ఒకాయన సెలవు మీద ఇంటికొచ్చాడు, ఆయన చేతికి బావ ఏదో ఇచ్చాడట. గల్ఫ్ నుంచి ఎవరొచ్చినా తన పెట్టెతో పాటు పది ఇళ్ల పొట్లాలు మోసుకురావడం, ఆ ఇళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తీసుకుపోవడం మా దిక్కు మామూలే. గోదావరి దాటి వెళ్లాను. ఆయన ఖర్జూరాల పొట్లం, సబ్బులు, ఒక అత్తరు సీసా ఇచ్చి, ఆఖరున చిన్న తలనొప్పి బామ్ డబ్బీని ప్రత్యేకంగా నా అరచేతిలో పెట్టి మూసి, పైలం అని జాగ్రత్త చెప్పాడు. మూత తీస్తే లోపల దూది, దూదిలో మెమరీ కార్డు. పాటలట. తిరుగు బస్సంతా ఆ డబ్బీ నా చొక్కా జేబులో బరువుగా ఉంది. నా ఫోన్‌లో పెట్టుకుని వినవచ్చు, కానీ వినలేదు. అసూయపడేవాడికి కూడా కొన్ని మర్యాదలు ఉంటాయి. నా మీద పోటీకి వచ్చినదాన్ని నేనే నది దాటించి మోసుకొస్తున్నాను, ఆ మాత్రం చాలదా!

మరునాడు నా దగ్గర రైలు పిల్లల కొత్త ఆల్బమ్ ఉంది. అక్క చేయి చాపలేదు. చాటలు కుదిరాయి, ఆకు తడి సరిచూసుకున్నారు, అక్క బామ్ డబ్బీలోంచి కార్డు తీసి ఎర్ర డబ్బాలో పెట్టింది. ముందుగా బావ గొంతు వచ్చింది, మరీ దగ్గరగా, ఫోన్‌ను నోట్లో పెట్టుకున్నట్టు.

"ఆఁ, ఇంటున్నవా? గీయన శాన పెద్దాయన. మౌత్ బాజా వాయిస్తడు. ఇందాక నేనే చాయ్ ఇచ్చిన. చక్కెర మస్తు ఏసుకుంటడు, మా అవ్వ లెక్కనే. మోకాలు నొస్తదంట పాపం. ఇను."

తర్వాత వచ్చిన ధ్వని గురించి నేను సాంకేతికంగా చెప్పకుండా ఉండలేను. వంటింటి తలుపు వెనక నిలబడి ఫోన్‌లో రికార్డు చేసినది. పెద్ద స్వరాలన్నీ పగిలిపోయాయి, చిన్న స్వరాలు ప్లేట్ల చప్పుడులో మునిగిపోయాయి, ఫ్యాన్ల మోత, ఎవరో హిందీలో గిలాసలు తెమ్మని అరవడం, వాటన్నిటి వెనక ఎక్కడో పాపం ఆ పెద్దాయన. మా దుకాణంలో ఎవరైనా ఇలాంటిది ఇస్తే తిప్పి పంపేవాళ్లం. అక్క వేళ్ల వేగం మాత్రం తగ్గింది. లారీ తాతకు తగ్గినదాని కంటే ఎక్కువ తగ్గింది.

పాట అయ్యాక నేను, అది మౌత్ బాజా కాదు, హార్మోనికా అంటారు, అని చెప్పాను.

చిన్నమ్మ తల ఎత్తకుండానే అడిగింది. "సరే గనీ, గాయనకు నువ్వు చాయ్ ఇచ్చినవా?"

అక్కడితో నా చదువు అయిపోయింది. ఆ తర్వాత కార్డులు వస్తూనే ఉన్నాయి, కొన్నిటిని నేనే తెచ్చాను. బావ ప్రతిసారీ ఏదో ఒకటి తప్పు చెప్పేవాడు. ఒక బృందాన్ని ఆఫ్రికా వాళ్లన్నాడు, వాళ్లది అమెరికా. బాస్ గిటారును పెద్ద గిటారన్నాడు. ఒకామె పాడిన కొత్త పాటను వందేళ్ల పాటన్నాడు. నేను ఒక్కొక్క తప్పునూ పట్టుకుని వరుసగా గుర్తుపెట్టుకున్నాను, ఎవరైనా అడుగుతారని. ఎవరూ అడగలేదు. నా ఆల్బమ్‌లు మధ్యాహ్నం దాటాక, రాజన్న భజనల తర్వాత, జనం పలచబడ్డాక వచ్చేవి. శుభ్రంగా, చక్కటి గదుల్లో, మంచి మైకులతో చేసిన రికార్డులు ఆ ఎర్ర డబ్బాలో తమ వంతు కోసం కూర్చునేవి, నేను గడప మీద కూర్చునేవాణ్ని. మొదటి పాట నాది కాకుండా పోయింది.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. ఇప్పటికీ అది మంచి ఆలోచనేనని నా సాంకేతిక బుద్ధి వాదిస్తుంది. బావ మొదటి పాటను శుభ్రం చేసి ఇస్తానని అక్కతో అన్నాను. అక్క సంతోషపడింది.

"గా ప్లేట్ల సప్పుడు పోతదా? మంచిదే తియ్యిరా. గాయన మంచిగ ఇనబడుతడు."

వారమంతా అన్నం తినే సమయంలో దుకాణం కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫ్యాన్ల మోతను నమూనాగా తీసుకుని పాట మొత్తం మీద దాన్ని తగ్గించాను. ప్లేట్లను ఒక్కొక్కటిగా వెతికి కోశాను. మైకు మీద ధన్‌ధన్‌మని కొట్టుకుంటున్న గాలిని కింది స్వరాల దగ్గర కత్తిరించాను. పాటకు అడ్డం పడుతూ, తాళానికి కొంచెం వెనకబడి, శ్రుతికి దూరంగా ఏదో గొణుగుడు వంటిది ఉంటే దాన్ని కూడా సన్నని చీలికలా తీసేశాను. చివరికి ఆ పెద్దాయన హార్మోనికా, తుడిచిన గాజులా నిలబడింది. ఎంత బాగా వాయించాడో అప్పుడు గానీ తెలియలేదు. ఆ ఆదివారం బస్సులో నేను నిలబడే ప్రయాణం చేశాను, అయినా కాళ్లు నొప్పిపుట్టలేదు. పాట బావదైనా పనితనం నాది, మొదటి పాట మళ్లీ సగమైనా నాదే.

అక్క మీట నొక్కింది. చిన్నమ్మ, ఇప్పుడు రేడియో లెక్కున్నది అంది. మిగతావాళ్లు కూడా మెచ్చుకున్నారు. అక్క చేతులు మొత్తంగానే ఆగిపోయాయి. మెచ్చుకోలుకు నేను సిద్ధమవుతున్నాను.

"తమ్మీ, మీ బావ ఏడి?"

మొదట్లో మాట్లాడిన మాటలు ఉంచాను కదా అన్నాను.

"గది గాదురా. నడ్మ నడ్మ గొంతు కలుపుతుండె గద. ఊపిరి ఇడుస్తుండె గద. గాయన ఏడి?"

నేను గాలి గురించి, మైకు గురించి, కింది స్వరాల గురించి చెప్పడం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో ఆపాను. అక్క ఆకు చేతిలోకి తీసుకుంది. కాసేపటికి అత్తగారు పక్క నుంచి చేయి చాపి అక్క చుట్టిన బీడీ ఒకటి తీసి వేళ్లతో నొక్కి చూసింది. "గట్టిగ సుడుతున్నవు బిడ్డా, పొగ రాదు. కార్ఖానల పారేస్తరు," అని నెమ్మదిగా అంది. అక్క ఆ బీడీలను విప్పి మళ్లీ చుట్టింది. ఆ పూట ఇంకే పాటా పెట్టలేదు.

అసలు రికార్డు పోలేదు. నకలు తీయకుండా దేన్నీ ముట్టుకోకూడదని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు. దాన్ని కార్డులోకి ఎక్కించబోతూ, ఆ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఒక సదుపాయం గమనించాను. మనం తీసేసినదాన్ని మాత్రమే విడిగా వినిపించే మీట ఒకటి ఉంది, ఎక్కువ కోశామేమో సరిచూసుకోవడానికి. నొక్కాను. హార్మోనికా లేదు. ప్లేట్లున్నాయి, ఫ్యాన్లున్నాయి, గిలాసలు తెమ్మనే అరుపు ఉంది. వాటన్నిటి ముందు, చెవికి ఆనుకుని, బావ ఉన్నాడు. బరువు మోసి వచ్చి నిలబడ్డవాడి ఊపిరి. శ్రుతి తప్పిన కూనిరాగం. పాట ఆగిన ప్రతిచోటా చిన్నగా ‘ఆఁ’ అంటున్నాడు, అవతల ఎవరో బాగుందన్నట్టూ, తను అవునన్నట్టూ. ఆయన మాకు పాట రికార్డు చేసి పంపలేదు, అక్క పక్కన కూర్చుని విన్నాడు. నాకు ఆ క్షణంలో బావ మీద కలిగిన అసూయ అంతకు ముందున్నదాని కంటే చాలా ఎక్కువ. ఆయనకంటే ఎక్కువ పాటలు విన్నాను, ఎక్కువ తెలుసుకున్నాను, ఒక్క పాటను కూడా అలా వినలేదు.

నేను పద్ధతి గల మనిషిని. కార్డులో అసలుదొకటి, శుభ్రం చేసినదొకటి, తీసేసినదొకటి, మూడూ వేటి పేరు వాటికి పెట్టి ఎక్కించాను. తర్వాతి ఆదివారం ఎర్ర డబ్బా దాని ఇష్టప్రకారం మూడోదాన్ని ముందు అందుకుంది. చిన్నమ్మ చెవి రిక్కించి, మొఖం అదోలా పెట్టింది.

"గిదేం పాటరా ఇంజినీరూ? ప్లేట్లే కడుగుతుండ్రు గదా!"

నేను లేచి మార్చబోయాను. అక్క అత్తగారు, ఆ ఇంట్లో నేను ఎన్ని ఆల్బమ్‌లు మోసినా ఒక్కదాని గురించీ ఒక్క మాటా అనని ముసలామె, చాటలోంచి తల ఎత్తింది.

"ఉండనియ్యి. మా పోరడున్నడు అండ్ల."

అది అయిపోగానే అక్క మళ్లీ అదే పెట్టింది. ఆ రోజు నుంచి ఆదివారం మొదటి పాట అదే. దానికి ‘ప్లేట్ల పాట’ అని పేరు. లారీ తాత, సీసామె, రైలు పిల్లలు, బావ పంపిన మిగతా పాటలు, అన్నీ దాని తర్వాతే. ఒకరకంగా బావ కూడా ఓడిపోయాడు. ఆయన ఏరి ఏరి పంపిన సంగీతం కూడా రెండో వరుసలోకే పోయింది, అది తెలిసినప్పుడు నాకు కొంత హాయిగా అనిపించిన మాట నిజం.

చాలా యేళ్లయింది. దుకాణం ముందు గదిలో ఇప్పుడు పాటలు ఎక్కించే బల్ల లేదు, కార్డులు అడిగేవాళ్లు లేరు. నేను ఫంక్షన్ హాళ్లకు సౌండ్ అమరుస్తున్నాను. ఎర్ర డబ్బా ఎప్పుడో మూగబోయింది, నేనే రెండుసార్లు బాగుచేసి మూడోసారి చేతులెత్తేశాను. అత్తగారు పోయింది. చిన్నమ్మ కొడుకు దగ్గరికి నిజామాబాద్ వెళ్లిపోయింది. కార్ఖానాలు ఇచ్చే ఆకు తగ్గి, బీడీల పని ఉన్న రోజులు తక్కువ, లేని రోజులు ఎక్కువ అయ్యాయి. బావ తిరిగొచ్చి మెట్‌పల్లిలో టెంట్ హౌస్ పెట్టాడు. దుబాయ్‌లో మోసిన కుర్చీలే ఇక్కడా మోస్తున్నానని నవ్వుతాడు.

మొన్న శుక్రవారం అక్క జవాబు చూశాక, ఫోన్ మీద కోపంతో ఆ ఆదివారమే మెట్‌పల్లి వెళ్లాను. బావ ఇంటి వెనక వాకిట్లో పెళ్లి నుంచి వచ్చిన స్టీలు ప్లేట్లను కడిగి దొంతర్లు పెట్టిస్తున్నాడు. ఆయన పక్కన ఒక అద్దె కుర్చీలో కూర్చుని నా గోడు చెప్పుకున్నాను. మన ఇద్దరినీ కాదని ఆ ఫోన్ ముందుగా చూపెడుతోంది బావా అన్నాను. బావ ఓపికగా విన్నాడు.

"నీకు ఫోన్ తోని పంచాయితీ, బామ్మర్దీ. నాకు నాతోనే ఉన్నది. మీ అక్క ఇప్పటికీ పొద్దుగాల కూసోంగనే గా ప్లేట్ల పాటే పెట్టుకుంటది. అరే, నేను ఇంట్లనే ఉన్న గదనే, పక్కన కూసుంట, ఊపిరి ఇడుస్త, ఎంత గావాల్నో గంత ఇనరాదు అంటే, జర సప్పుడు జెయ్యకు, ఇననియ్యి అంటది. గా దుబాయ్ పోరని మీద నాకే జలన్ అయితుంది."

లోపలికి వెళ్లాను. అక్క ఒక్కతే గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ఉంది. చాటలో ఆకు కొంచెమే. సీసామెనా అని సైగ చేశాను. అక్క నవ్వి, కుడి చెవిలోది తీసి నాకిచ్చింది. పెట్టుకున్నాను. నేను కోసిన ప్లేట్లు, నేను తగ్గించిన ఫ్యాన్లు, నేను సన్నని చీలికలా తీసేసిన ఆ శ్రుతి లేని కూనిరాగం. రెండో చెవిలో వాకిట్లోంచి ప్లేట్ల చప్పుడు. కాసేపటికి ఏది దుబాయ్‌దో ఏది మెట్‌పల్లిదో విడదీయలేకపోయాను. విడదీయడమే నా పని అయినా.

అప్పట్లో ఒక గదికి ఒకటే డబ్బా, ఒకటే మొదటి పాట, దానికోసం ఇద్దరం కొట్లాడుకున్నాం. ఇప్పుడు ఎవరి చెవులు వాళ్లవి, ఎవరి మొదటి పాట వాళ్లది. పోటీపడటానికి మనిషి కనబడడు. అప్పుడు ఓడిపోయినా ఎవరి చేతిలో ఓడామో తెలిసేది, ఆదివారం ఆ మనిషి పొట్లమే మనం మోసుకొచ్చేవాళ్లం. ఫోన్‌కు ఖానాపూర్ పోయే పనిలేదు, గోదావరి దాటే పనిలేదు. దాని మీద అసూయపడితే తిరిగి అసూయపడటం కూడా దానికి రాదు.

సీసామె కొత్త ఆల్బమ్ మాత్రం చాలా బాగుంది. మూడో పాట నుంచి మొదలుపెట్టండి, ఆఖరి పాటను స్పీకరులోనే వినండి. ఈపాటికి మీ ఫోన్ మీకు చూపెట్టే ఉంటుంది. అయినా సరే, ఎవరైనా అడిగితే నేను చెప్పానని చెప్పండి.